టెక్సస్‌లో రాత్రి కయోటీ వేట: థర్మల్ స్కోప్ 384 చాలా, 640 కావాలా?

మందకాపు
అందరికీ నమస్కారం. శాన్ ఆంజెలో దగ్గర లీజుకి తీసుకున్న మేకల పొలం. ఫిబ్రవరిలో మేకలు ఈనతాయి, కయోటీలు (నక్కలాంటి అడవి కుక్క జాతి జంతువులు) పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. కాపలాకి రెండు గ్రేట్ పిరనీస్ కుక్కలున్నాయి, అయినా ఆగట్లేదు. .223 తూటా వాడే బోల్ట్ రైఫిల్ ఉంది. మొత్తం ఖర్చు 3,000 డాలర్ల లోపు. చీకట్లో ఒంటి వేడిని చూపించే థర్మల్ స్కోప్‌లో 384 (సెన్సర్‌లో అడ్డంగా ఉండే పిక్సెళ్ల సంఖ్య) తీసుకోవాలా, డబ్బంతా 640 మీద పెట్టాలా? లెన్స్ 35 మి.మీ.నా, 50 మి.మీ.నా? చాలావరకు 200 గజాల లోపే కాల్చాల్సి వస్తుంది.

పిక్సెల్_పంతులు
మందకాపు గారూ, ముందు ఒక అపోహ వదిలించుకోండి. 640 అంటే జంతువు ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుందని కంపెనీల ప్రకటనలు చూసి అందరూ అనుకుంటారు. వివరం తేల్చేది పిక్సెళ్ల సంఖ్య కాదు. పిక్సెల్ సైజు, లెన్స్ ఫోకల్ లెంగ్త్. ఇప్పుడొచ్చే సెన్సర్లు దాదాపు అన్నీ 12 మైక్రాన్లవే. 12ని 35తో భాగిస్తే 0.34 మిల్లీరేడియన్, ఒక్కో పిక్సెల్ చూసే కోణం అది. అంటే 200 గజాల దూరంలో ఒక్కో పిక్సెల్ దాదాపు 6.3 సెం.మీ. కయోటీ భుజం ఎత్తు ఓ 55 సెం.మీ. అనుకోండి, నిలువునా 9 పిక్సెళ్లు పడతాయి. అదే 35 లెన్స్‌తో 384 కొన్నా, 640 కొన్నా ఆ 9 మారవు.

640తో పెరిగేది చూపు వెడల్పు. 35 మి.మీ. లెన్స్‌తో 384కి 7.5 డిగ్రీలు, అంటే 100 గజాల దగ్గర 13 గజాల వెడల్పు. 640కి 12.5 డిగ్రీలు, దాదాపు 22 గజాలు. కయోటీ పరిగెత్తుకొస్తున్నప్పుడు, రెండోది వెనకాల ఉన్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

లెన్స్ 50కి పెంచితే పిక్సెల్ 200 గజాల దగ్గర 4.4 సెం.మీ. అవుతుంది, కయోటీ మీద 12 పిక్సెళ్లు పడతాయి. కానీ 384కి 50 లెన్స్ వేస్తే వెడల్పు 100 గజాలకి 9 గజాలే. దగ్గరికొచ్చిన జంతువుని వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

పాత 17 మైక్రాన్ల సెన్సర్‌తో 50 లెన్స్ ఉన్న సెకండ్ హ్యాండ్ స్కోపులు తక్కువకి దొరుకుతాయి. వాటిలో వివరం 12 మైక్రాన్ల 35 లెన్స్‌తో సమానం. పెద్ద లెన్స్ కదా అని మోసపోవద్దు.

డిజిటల్ జూమ్ ఉన్న పిక్సెళ్లనే పెద్దవి చేసి చూపిస్తుంది, కొత్త వివరమేమీ తేదు. 8x లో గుర్తుపట్టగలిగినది 2x లో కూడా అక్కడే ఉంటుంది, మన కంటికి చిన్నగా కనిపిస్తుందంతే.

మెస్కీట్_మామ
పంతులు గారి లెక్క కరెక్టే. కానీ మీ బడ్జెట్‌లో నేనైతే మొత్తం స్కోప్ మీద పెట్టను. 384/35 స్కోప్ ఒకటి, మిగిలిన డబ్బుతో చేత్తో పట్టుకుని ఒంటి కంటితో చూసే థర్మల్ దుర్భిణి, అదే మోనోక్యులర్, ఒకటి. మోనోక్యులర్‌కి 256 సెన్సర్, 19 లేదా 25 లెన్స్ ఉన్నా చాలు. పొలమంతా వెతకడం దానితో, కాల్చడం స్కోప్‌తో.

కారణం ఏంటంటే, విడిగా మోనోక్యులర్ లేనివాడు రైఫిల్‌తోనే పొలం తిప్పి చూస్తాడు. ఎదురుగా మెరిసే చుక్క పక్క పొలం రైతు కావచ్చు, మీ పిరనీస్ కావచ్చు. గుర్తుపట్టకముందే తుపాకీ గొట్టం వాళ్ల మీద ఉన్నట్టే. లోడైన రైఫిల్ పెట్టుకుని 20 నిమిషాలు గుండ్రంగా తిప్పితే చేతులు నొప్పి పుడతాయి, జంతువులూ ఆ కదలిక పసిగడతాయి.

640_రాజు
మామా, 256 మోనోక్యులర్‌తో 300 గజాల దగ్గర ఏం కనిపిస్తుంది? తెల్ల చుక్క. దాన్ని చూసి మళ్లీ స్కోప్‌లో వెతుక్కోవాలి. దాని బదులు 640/35 ఒక్కటే కొనుక్కుంటే వెతకడం, కాల్చడం రెండూ అయిపోతాయి.

మెస్కీట్_మామ
రాజూ, చుక్క కనిపిస్తే చాలు, దాని పని అదే. ఉందని తెలియడం ఒక పని, ఏదో తేల్చుకోవడం ఇంకో పని. నువ్వు ఆ రెండూ, మూడోది కాల్చడం కూడా, ఒకే ట్రిగ్గర్ దగ్గర కూర్చోబెడుతున్నావ్. మేకల పొలంలో ఈ పద్ధతి అసలు పనికిరాదు. పడుకున్న మేకపిల్ల, కూర్చున్న కయోటీ 250 గజాల దగ్గర ఒకే సైజు మచ్చలు.

పిక్సెల్_పంతులు
ఇక్కడ మామ మాటే నాదీ. లెక్క కూడా అదే చెబుతుంది. జంతువు ఉందని తెలియడానికి 2 పిక్సెళ్లు చాలు. ఇది కుక్క జాతిదా, దూడా, జింకా అని తేల్చుకోవాలంటే కనీసం 8 కావాలి. కుక్కా, కయోటీనా అని తేల్చాలంటే 12 పైనే. బాక్స్ మీద రాసే "డిటెక్షన్ 1,800 మీటర్లు" మొదటి రకం. మనిషంత ఎత్తున్నదాన్ని చుక్కగా చూడగలిగే దూరం అది. 35 మి.మీ. లెన్స్‌తో కయోటీ మీద 12 పిక్సెళ్లు పడాలంటే 150 గజాలు. మీ హద్దు అక్కడ పెట్టుకోండి.

కాపుకుక్క
కుక్కల సంగతి నేను చెప్తాను, కాపలా కుక్కలు ఉన్నచోట అసలు చిక్కు అక్కడే. చాలామంది కుక్కకి రేడియం మెడపట్టీ వేసి ఇక భయం లేదనుకుంటారు. టార్చి వెలుగులో అది మెరుస్తుంది. థర్మల్‌కి వెలుగుతో పనిలేదు, రేడియం పట్టీ మామూలు పట్టీయే. కళ్ల మెరుపు కూడా థర్మల్‌లో ఉండదు, టార్చితో వేటాడేవాళ్లు దీన్ని మర్చిపోతారు.

పనికొచ్చేది రెండంగుళాల వెడల్పున్న దళసరి తోలు లేదా నియోప్రీన్ పట్టీ. మెడ వేడిని అది ఆపేస్తుంది, వైట్ హాట్‌లో (వేడి తెల్లగా కనిపించే మోడ్) మెడ చుట్టూ నల్లటి గీతలా కనిపిస్తుంది. పిరనీస్‌కి బొచ్చెక్కువ, దాన్ని కప్పేస్తుంది కాబట్టి పట్టీ బొచ్చు పైకి వచ్చేలా బిగించి, పగలే స్కోప్‌లో చూసి సరిచూసుకోండి. అయినా దీనిమీదే ఆధారపడకండి. వేటకి కూర్చునే రాత్రి కుక్కల్ని మేకలతో పాటు దొడ్లోకి తోలి గేటు వెయ్యడమే సరైన పద్ధతి.

గుర్తులు: కయోటీ పరిగెత్తేప్పుడు తోక కిందికి వేలాడేస్తుంది, కుక్కలు సాధారణంగా పైకెత్తుతాయి. మూతి సన్నం, చెవులు తలకి పెద్దవి, కాళ్లు పుల్లల్లా. నాలుగడుగులు వేసి ఆగి, గాలి వాసన చూసి మళ్లీ కదులుతుంది. రకూన్‌కి నడుం గూనిలా లేస్తుంది. బాబ్‌క్యాట్ తల గుండ్రం, తోక మొండి, నడక పిల్లిదే. పక్కకి తిరిగి కాళ్లన్నీ కనిపించేదాకా తీర్పు ఇవ్వకండి. ఎదురుగా వచ్చే జంతువు ఏదైనా ఒకేలా ఉంటుంది.

మందకాపు
మామ గారు చెప్పిన దారే తీసుకుంటాను, 384/35 స్కోప్, చిన్న మోనోక్యులర్. జీరో (గురి పెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సరిచెయ్యడం) ఎలా చెయ్యాలి? కాగితం టార్గెట్ మీద ఏమీ కనపడదు కదా?

జీరో_వంద
పగలే చెయ్యండి, చీకటి అక్కర్లేదు. పెద్ద అట్ట తీసుకుని దాని మీద అంగుళం వెడల్పు అల్యూమినియం ఫాయిల్ టేప్‌తో కూడిక గుర్తు అతికించండి. అట్టని పైభాగం వెనక్కి కాస్త వాల్చి నిలబెట్టండి. మబ్బులేని ఆకాశం థర్మల్‌లో చాలా చల్లన, ఫాయిల్ దాన్ని అద్దంలా చూపిస్తుంది, ఎండకి వేడెక్కిన అట్ట మీద నల్లగా తేలుతుంది. మబ్బు పట్టిన రోజున ఈ పద్ధతి నీరసం. అప్పుడు చేతులు వెచ్చబెట్టుకునే హ్యాండ్ వార్మర్ ప్యాకెట్ 15 నిమిషాల ముందు చింపి అంటించి, మధ్యలో అంగుళం రంధ్రం వదిలి మిగతాదంతా ఫాయిల్‌తో కప్పండి. కప్పకపోతే వేడి పాకి పెద్ద మచ్చైపోతుంది, మధ్య ఎక్కడో తెలీదు.

ముందు కన్ను పెట్టే ఐపీస్ దగ్గరున్న డయాప్టర్ రింగు తిప్పి స్క్రీన్ మీద అక్షరాలు పదునుగా కనపడేలా చేసుకోండి, ఆ తర్వాతే ముందు లెన్స్ ఫోకస్. ఈ వరస తప్పితే బొమ్మ ఎప్పటికీ మసకే, జనం స్కోప్ చెడిపోయిందనుకుంటారు.

25 గజాల దగ్గర ఒక రౌండ్ కాల్చి కాగితం మీదకి తెచ్చుకోండి. ఆ తర్వాత 100 గజాల దగ్గర మూడేసి రౌండ్ల గుంపు కాల్చి, గుంపు మధ్యని కొలిచి సరిచెయ్యండి. "వన్ షాట్ జీరో" ఫ్రీజ్ బటన్‌తో జాగ్రత్త. ఒక్క రౌండ్ కాల్చి, మళ్లీ అదే చోట గురి పెట్టి, బొమ్మ ఫ్రీజ్ చేసి రెటికిల్‌ని (గురి గుర్తుని) రంధ్రం మీదకి జరపాలి. ఫ్రీజ్ నొక్కే క్షణంలో రైఫిల్ కదిలితే ఆ కదలికంతా జీరోలో కలిసిపోతుంది. పైగా ఒక్క రౌండ్ ఎటు పోయిందన్నది గుంపు ఎక్కడుందో చెప్పదు.

ఇంకో విషయం. మామూలు స్కోప్‌లో క్లిక్‌కి పావు అంగుళం అనుకుని అలవాటు పడ్డ చెయ్యి ఇక్కడ ఖంగుతింటుంది. థర్మల్‌లో చాలా మోడళ్లకి ఒక క్లిక్ అంటే ఒక పిక్సెల్. 12 మైక్రాన్లు, 35 లెన్స్ అయితే 100 గజాల దగ్గర 1.2 అంగుళాలు. జూమ్ పెంచి జీరో చేస్తే కొన్నింటిలో క్లిక్ చిన్నదవుతుంది, మీ మోడల్ మాన్యువల్ చూడండి.

55 గ్రెయిన్ల (తూటా బరువు) .223 ని 100కి జీరో చేస్తే 200 గజాల దగ్గర దాదాపు 3 అంగుళాలు కింద, 300 దగ్గర అడుగు దాకా కింద పడుతుంది. కయోటీ గుండె భాగం పెద్దది కాదు. 200 లోపు నేరుగా గురి పెట్టొచ్చు, దాటితే లెక్క వెయ్యాలి.

640_రాజు
50 గజాలకి జీరో చేస్తే దగ్గర వేటకి మేలు కదా, జీరో అన్నా?

జీరో_వంద
తమ్ముడూ, 50 దగ్గర పావు అంగుళం తప్పు 200కి అంగుళం తప్పవుతుంది. థర్మల్ క్లిక్ ఎలాగూ ముతక, మనమే దాన్ని రెట్టింపు చేసుకున్నట్టు. 100కే చెయ్యి. ఆ తర్వాత 25, 50, 150 దగ్గర కాల్చి ఎంత తేడా వస్తుందో కాగితం మీద రాసి స్టాక్‌కి అంటించు. థర్మల్ స్కోపులు బారెల్‌కి రెండున్నర అంగుళాల పైన కూర్చోవడం మామూలే, కాబట్టి 25 గజాల దగ్గర రెండంగుళాల దాకా కిందకొస్తుంది. దగ్గరికొచ్చిన కయోటీని చాలామంది తప్పేది అందుకే. ఈ ఎత్తుతో ఇంకో ప్రమాదం ఉంది. స్కోప్‌లో దారి ఖాళీగా కనిపిస్తుంది, బారెల్ మాత్రం ట్రక్కు బానెట్ అంచుకో, గుంజకో ఎదురుగా ఉంటుంది.

రెండు రకాల తూటాలు వాడితే స్కోప్‌లో వేర్వేరు ప్రొఫైల్స్ (విడివిడి జీరో సెట్టింగులు) పెట్టుకోవాలి. రాత్రి బయల్దేరే ముందు స్క్రీన్ మూలలో ప్రొఫైల్ అక్షరం చదవండి. జీరో తప్పిందని గోల పెట్టేవాళ్లలో చాలామందిది తప్పు ప్రొఫైల్. సప్రెసర్ (బారెల్ చివర బిగించి శబ్దం తగ్గించే గొట్టం) వాడేవాళ్లు అది బిగించే జీరో చెయ్యాలి, తీస్తే తూటా పడే చోటు మారుతుంది.

మందకాపు
స్కోప్ వచ్చింది. సాయంత్రం ఏడింటికి చూస్తే పొలమంతా తెల్ల మచ్చలే. రాళ్లు, నాగజెముడు, అన్నీ జంతువుల్లాగే ఉన్నాయి. సెట్టింగ్ ఏమైనా మార్చాలా?

పిక్సెల్_పంతులు
మీ స్కోప్ బాగానే ఉంది, టైమే తప్పు. మీ వైపు నేలంతా సున్నపురాయి. పగలంతా ఎండ తాగిన రాయి పొద్దు గుంకాక గంటల తరబడి వేడి వదులుతూనే ఉంటుంది. నాగజెముడు మట్టల్లో నీరుంటుంది కాబట్టి అవీ నిదానంగానే చల్లారతాయి. గుండ్రటి మట్ట ఒకటి రెండడుగుల ఎత్తులో తెల్లగా మెరుస్తుంటే అచ్చం కూర్చున్న కయోటీ తలే. పది దాటాక చూడండి, మబ్బు లేని రాత్రైతే నేల నల్లబడి జంతువు ఒక్కటే మిగులుతుంది. తెల్లారుజామున ఇంకా బాగుంటుంది. సూర్యోదయం, సూర్యాస్తమయం దగ్గర నేలా, జంతువూ ఒకే వేడికొచ్చి బొమ్మ చప్పబడే కాసేపు ఉంటుంది.

గాలిలో తేమ, పొగమంచు, వాన ఈ మూడూ శత్రువులు. వాన తడికి గడ్డి, రాయి, బొచ్చు అన్నీ ఒకే ఉష్ణోగ్రతకి వస్తాయి. సెన్సర్ సున్నితత్వం, అంటే అది పట్టగలిగే అతి చిన్న వేడి తేడా, ఉపయోగపడేది అప్పుడే. 40 మిల్లీకెల్విన్ ఉన్నదాని కంటే 25 ఉన్నది తేమ రాత్రుల్లో స్పష్టంగా మెరుగు. పొడి రాత్రుల్లో ఆ తేడా కోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ.

మధ్యలో టిక్కుమని శబ్దమొచ్చి బొమ్మ అరసెకను ఆగుతుంది చూశారా, అది క్యాలిబ్రేషన్. లోపలి షట్టర్ సెన్సర్ ముందుకొచ్చి పిక్సెళ్లన్నింటినీ ఒకే స్థాయికి తెస్తుంది. ఆటోలో ఉంచితే సరిగ్గా ట్రిగ్గర్ నొక్కే క్షణంలో టిక్కుమంటుంది. మాన్యువల్‌లో పెట్టి, జంతువు దగ్గరికి రాకముందే మీరే ఒకసారి నొక్కుకోండి. నొక్కడం మర్చిపోతే బొమ్మ మీద నిలువు గీతలు, మరకలు పేరుకుంటాయి.

ట్రక్కు అద్దంలోంచి చూడబోకండి. గాజు ఈ కిరణాల్ని ఆపేస్తుంది, అద్దం మీద మీ ముఖం వేడే కనిపిస్తుంది. ఇంటి కిటికీ వెనక మనిషున్నా కనపడడు. కాబట్టి ఆ దిక్కు ఖాళీ అని థర్మల్ చెప్పిందని నమ్మొద్దు.

కాపుకుక్క
దానికి తోడు ముళ్లకంచె. తీగ ఒక పిక్సెల్‌లో ఎన్నో వంతు, కాబట్టి కనపడదు. సన్నటి మెస్కీట్ ముళ్లచెట్టు కొమ్మ కూడా అంతే. చిన్న జంతువుల కోసం చేసే, పలచటి తొడుగున్న వర్మింట్ తూటా తీగకి తగిలితే అక్కడే ముక్కలవుతుంది. కంచెలు ఎటున్నాయో, గుట్ట ఎక్కడుందో, రోడ్డు, ఇళ్లు, ప్రొపేన్ ట్యాంకు ఏ దిక్కో పగలు నడిచి చూసి, కాల్చదగ్గ కోణాలు రాసి పెట్టుకోండి. చదును నేల మీద నేల మట్టం నుంచి కాల్చొద్దు. వెనకాల మట్టి లేకపోతే ఆ తూటా ఎక్కడిదాకా పోతుందో తెలీదు.

దూరం అంచనా కూడా థర్మల్‌లో దెబ్బతింటుంది. నీడలు లేవు, లోతు లేదు. దగ్గరున్న కుందేలు, దూరంగా ఉన్న కయోటీ ఒకేలా కనిపిస్తాయి. లేజర్ రేంజ్‌ఫైండర్ ఉంటే ఒక్క రీడింగ్ నమ్మకండి, ముందున్న గడ్డికో వెనకున్న గుట్టకో తగిలి ఉండొచ్చు. రెండు మూడు తీసి చూడండి. లేకపోతే పగలే గుంజలకి దూరాలు కొలిచి పెట్టుకోండి.

గాలివాటం
అరుపు యంత్రం సంగతి ఎవరూ చెప్పలేదు. ఎలక్ట్రానిక్ కాల్‌ని మీకు 40, 50 గజాల దూరంలో పెట్టండి. గాలి మీకు ఎడమ నుంచి కుడికో, కుడి నుంచి ఎడమకో అడ్డంగా వీచేలా కూర్చోండి. కయోటీ నేరుగా శబ్దం దగ్గరికి రాదు, చుట్టూ తిరిగి గాలివాలు వైపుకెళ్లి వాసన పట్టి తేల్చుకుంటుంది. కాబట్టి ఆ గాలివాలు వైపు మీకు కనిపించే ఖాళీ పొలమై ఉండాలి, పొదలైతే అది మిమ్మల్ని పసిగట్టి వెళ్లిపోయాక కూడా మీకు తెలీదు.

కుందేలు ఆర్తనాదంతో తక్కువ వాల్యూమ్‌లో మొదలెట్టండి, దగ్గర్లో పడుకున్నది బెదరకుండా. రెండు మూడు నిమిషాల తర్వాత పెంచండి. జనవరి నుంచి మార్చి దాకా జతకట్టే కాలం, కయోటీ ఊళలు పనిచేస్తాయి. పిల్లలున్న వేసవిలో పిల్ల ఏడుపు శబ్దం. 15 నుంచి 20 నిమిషాలకి ఏమీ రాకపోతే చోటు మార్చండి. ఒకటి పడ్డాక వెంటనే లేవొద్దు, పిల్ల ఏడుపు పెట్టి ఇంకో ఐదు నిమిషాలు ఆగితే జత తిరిగొస్తుంది. పరిగెత్తేదాన్ని ఆపాలంటే నోటితో ఒక్కసారి గట్టిగా "వూఫ్" అనండి, అర క్షణం ఆగుతుంది.

నిలబడి కాల్చేందుకు ట్రైపాడ్ తప్పనిసరి. రైఫిల్ దాని మీదే క్లాంప్ చేసి ఉంటే రెండు చేతులూ మోనోక్యులర్‌కి ఖాళీ.

వార్డెన్_వాకిలి
చట్టం ముక్క కూడా చూసుకోండి. టెక్సస్‌లో కయోటీ నాన్‌గేమ్ (వేట జంతువుల జాబితాలో లేని) జంతువు. సీజన్ లేదు, సంఖ్య పరిమితి లేదు, ప్రైవేటు భూమిలో రాత్రి వేటాడొచ్చు. మందల మీద పడుతున్నవాటికి హంటింగ్ లైసెన్సు మినహాయింపుంది, మిగతా సందర్భాల్లో లైసెన్సు కావాలి. 1971 సెప్టెంబర్ 2, ఆ తర్వాత పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కూడా. మీది లీజు కాబట్టి వేటకి యజమాని ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి. మీరు కాల్చిన తూటా పక్కవాళ్ల హద్దు దాటకూడదు, దాటాలంటే వాళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి కాల్పులు చేసే ముందు స్థానిక గేమ్ వార్డెన్‌కి (వేట చట్టాలు చూసే అధికారికి) ఫోన్ చేసి చెప్పడం మంచిది, లేకపోతే పొరుగువాళ్లు పోలీసుల్ని పిలుస్తారు. వేరే రాష్ట్రాల్లో ఇవేవీ వర్తించవు. 

మనవాళ్లకి ప్రత్యేకంగా ఒకటి. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ, తూటాలు రెండూ నిషేధం. దీనికున్న మినహాయింపుల్లో ఒకటి అమలులో ఉన్న హంటింగ్ లైసెన్సు. టెక్సస్ వార్షిక లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. మేకల కోసమైతే లైసెన్సు అక్కర్లేదన్న రాష్ట్ర మినహాయింపు మీ చేతిలో తుపాకీ ఉండటాన్ని కాపాడదు. సెప్టెంబర్ ఒకటికి కొత్తది లేకపోతే బీరువాలో ఉన్న రైఫిల్ కూడా ఫెడరల్ నేరం కిందకి రావచ్చు, వీసాకీ ముప్పే. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ గొడవ లేదు.

640_రాజు
ఊళ్లో అడవి పందులు చేలు తినేస్తున్నాయి. సెలవులకి వెళ్లేప్పుడు స్కోప్ ఒకటి లగేజీలో పట్టుకెళ్తే?

వార్డెన్_వాకిలి
వద్దు బాబూ. థర్మల్ వెపన్ సైట్లు అమెరికా ఎగుమతి నియంత్రణలో ఉన్నాయి, లైసెన్సు లేకుండా దేశం దాటిస్తే నేరం, చేతి సంచిలో పెట్టినా సరే. పైగా ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అధికారి అనుమతి లేకుండా పందిని కూడా కాల్చకూడదు.

మందకాపు
చివరి ప్రశ్న. పగలు మామూలు స్కోప్ వేసుకుని, రాత్రికి థర్మల్ మారిస్తే జీరో నిలుస్తుందా? బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?

జీరో_వంద
మంచి క్విక్ డిటాచ్ మౌంట్ (త్వరగా తీసి పెట్టగలిగే బిగింపు) అయితే దాదాపు నిలుస్తుంది, ప్రతిసారీ రైఫిల్ మీదున్న పికటినీ రైలులో (గాళ్ల పట్టీలో) అదే గాడికి, ముందుకి తోసి బిగిస్తేనే. గాడికి పెయింట్ గుర్తు పెట్టండి. మార్చిన ప్రతి రాత్రీ వేటకి ముందు 100 గజాల దగ్గర ఒక్క రౌండ్ కాల్చి చూడండి, గురి అంగుళంన్నర దాటి తప్పితే మౌంట్ సంగతి చూడాలి. 30 మి.మీ. ట్యూబ్ రింగులకి స్క్రూలు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు, తయారీదారు వేరే అంకె ఇస్తే అదే. ఇంకా బిగిస్తే ట్యూబ్ నొక్కుకుపోతుంది.

బ్యాటరీకి కంపెనీ చెప్పే గంటల్లో మూడో వంతు కొట్టేయండి. వైఫై ఆపండి, వీడియో రికార్డింగ్ కాల్చేప్పుడే పెట్టండి, స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించండి. బ్రైట్‌నెస్ తగ్గిస్తే కంటికీ మంచిది, ఐపీస్ వెలుగు మీ ముఖం మీద పడి దూరానికి కనపడకుండా ఉంటుంది. చలిలో 18650 సైజు బ్యాటరీ సెల్స్ త్వరగా పడిపోతాయి, విడి జత లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోండి.

పిక్సెల్_పంతులు
ఏసీ ట్రక్కులోంచి తేమ గాలిలోకి తీస్తే లెన్స్ మీద మంచు పడుతుంది. చొక్కాతో తుడవద్దు, లెన్స్ పూత గీరుకుపోతుంది. మూత తీయకుండానే బయట 15 నిమిషాలు ఉంచి, అప్పుడు ఆన్ చెయ్యండి.